జంగ్లాతాయన పోగు

నా నౌకరి మొత్తం మీద ఎన్ని పంచనామాలు రాసిన్నో నాకే యాదికి లేదు. అండ్ల ఒక్కదాంట్ల మాత్రం అబద్ధం రాసిన. ఆ సంగతి పెండ్లయినంక నా భార్యకు సుత చెప్పలే. ఇప్పుడు రిటైరయి నిజామాబాద్‌ల ఇంటి పట్టున కూసున్న. పొద్దు పోతలేదు. పొద్దు పోకుంటె మనిషికి గివే యాదికొస్తయి. చదివినోళ్లు తిట్టుకుంటె తిట్టుకోండ్రి, నేనేమీ అనుకోను.

తొంభైలు మొదలైన కాలంల నన్ను బోధన్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు దిక్కు ఒక ఊరికి బీటు గార్డుగ ఏసిన్రు. ఊరి పేరు రాయను. అడివి శాఖను మా దిక్కు జంగ్లాత్ అంటరు. అండ్ల నౌకరి చేసేటోడు జంగ్లాతాయన. నాకు అమ్మ పెట్టిన పేరొకటున్నదన్న సోయి ఆ ఊర్లె ఎవ్వలికీ లేకుండె. క్వార్టర్ అంటె ఊరవతల ఒక్క అర్ర, ముంగట రేకుల వసారా. ఎనుక మోదుగ చెట్ల గుట్ట, తతిమ్మ మూడు దిక్కుల చెరుకు. చెరుకు తలకాయెత్తు పెరిగిందంటె ఊరు సుత కనపడకపోయేది. గాలి ఇటు మళ్లిన దినం బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి బెల్లం మాడినట్టు వాసన కొట్టేది. ఆ వాసన తప్ప నా ఇంటికి చుట్టమొచ్చింది లేదు.

తప్పు నాది సుత ఉన్నది. కొత్త నౌకరి, కొత్త ఖాకీ బట్టలు, ఒంట్లె జోష్ ఎక్కువ. ఆ ఊరికి పోయిన మొదటి నెలలనే రెండు కట్టెల బండ్లు పట్టి బోధన్ ఆఫీసుకు తోలిచ్చిన. ఊరంత గుట్ట కట్టెల మీదనే వండుకుంటది, ఆ ముచ్చట నాకు తెల్వక కాదు. గంతే, ఊరు నన్ను తీసి పక్కకు పెట్టింది. ఛాయ్ హోటల్‌కు పోయి బెంచి మీద కూసుంటె ముచ్చట్లన్నీ బంద్ అయ్యేటివి. ఒకడు దగ్గేటోడు, ఇంకొకడు "ఇగ పోదాం పారా" అని లేసేటోడు. నేను తాగేది అయ్యేసరికి బెంచి మీద నేనొక్కన్నే మిగిలేది. దినాలకు దినాలు నోరు తెరిచే పనే పడకపోయేది. కుండల నీళ్లు అయిపోతె కుండనే తిట్టేది, ఎవలినన్న తిట్టాలె గదా!

మాది మెథడిస్టు కుటుంబం. ఆదివారం పొద్దుగాల బస్సెక్కి నిజామాబాద్ చర్చికి పోయేది. వారమంత మూసుకున్న నోరు గదా, పాటలు అందరికంటె గట్టిగ పాడేది. పక్క వరుసల పోరగాండ్లు ముసిముసి నవ్వేటోళ్లు. అమ్మ మాత్రం "జర మెల్లగ పాడు నాయినా, దేవునికి చెవుడు లేదు" అనేది. సాయంత్రం మళ్ల బస్సు, మళ్ల అదే అర్ర. ఏడుపొచ్చేది. ఇరవై ఆరేండ్ల మొగోన్ని, తాళం తీసుకుంట ఏడ్చిన దినాలున్నయి.

నా క్వార్టర్‌కు ఆనుకోని ఉన్న రెండెకరాల చెరుకు ఒక ఆలుమొగలది. వాళ్లను నేను అన్న, అక్క అంట. అన్నకు మాట పొదుపు. అక్కకు నోరెక్కువ, నవ్వెక్కువ. ఆ ఊర్లె నా గడప తొక్కిన మొదటి మనిషి ఆ అన్ననే. సోపతి కోసం రాలే, లొల్లి కోసం వచ్చిండు.

"సారూ, మీ పందులు మా చెరుకంత ఆగం జేసినయి" అన్నడు.

మీ పందులు! నేనే పెంచి, దాణా పెట్టి తోలినట్టు. పోయి చూసిన. నిలువెత్తు చెరుకు బొర్లవడి ఉన్నది, మొదట్ల నమిలి పిప్పి ఉమ్మిపోయినయి. పంచనామా రాసి, పంట నష్టం దరఖాస్తు రాసి, ఆయినతోని ఏలిముద్ర పెట్టిచ్చి బోధన్‌కు పంపిన. ఆడికెళ్లి నిజామాబాద్‌కు పోయిందన్నరు. అటెనుక ఏడికి పోయిందో ఎవ్వలికీ తెల్వదు. అక్క ఊర్కోలే. ఇల్లిల్లు తిరిగి పాత చీరెలు అడుక్కొచ్చి చెరుకు చుట్టూ దడి లెక్క కట్టింది. మంగలి షాపుల ఎంట్రుకలు సంచికెత్తుకొచ్చి గట్ల మీద చల్లింది, వాసన పీల్చితె పందులు తుమ్మి ఎనకకు పోతయట. రెండు దినాలు రాలే. మూడో దినం ఎర్ర చీరె చింపుకోని లోపలికి పోయినయి.

"కొడితె ఏమైతది సారూ?" అని అన్న ఒకపారి సాఫ్‌గ అడిగిండు.

నేను కానూన్ చెప్పిన. అడివిపంది సుత చట్టంల రాసిపెట్టిన జంతువే, కొడితె జైలు. ఒక్క తొవ్వ మాత్రం ఉన్నది. మనిషి మీదికొచ్చి పానం తీసేటట్టుంటె, ఆ మనిషిని కాపాడెతందుకు కొడితె తప్పు కాదు. కాని సచ్చిన జంతువు సర్కారుది. నాకు కబురు చెయ్యాలె, నేను పంచనామా రాయాలె, బొంద తీసి పాతాలె. దాని ఎంట్రుక సుత ముట్టొద్దు.

"అంటె సంపితె తప్పు లేదు, సచ్చినదాన్ని తింటె తప్పు!"

"గంతే అన్నా."

"మంచిగున్నది మీ కానూన్" అని ఆయిన తువ్వాల దులుపుకోని నవ్వుకుంట పోయిండు. నాకు సుత నవ్వొచ్చింది. అట్ల ఇద్దరం ఒక్క ముచ్చటకు నవ్వినమని ఆ దినమంత ఖుషీగ తిరిగిన.

చెరుకు కొట్టుడు మొదలైంది. మరాఠీ కైకిలోళ్లు, అంటె కూలోళ్లు, వచ్చి చేన్లనే గుడిసెలు ఏసుకోని కొడతరు. చెరుకు కొడుతుంటె లోపలున్న జంతువులు జరుక్కుంట జరుక్కుంట నడిమిట్ల ఆఖరి ముక్కల్ల చేరతయి. ఆ ముక్క కొట్టేటప్పుడే పైలం ఉండాలె. అన్న చేన్ల ఆ ఆఖరి ముక్క కొట్టిన పొద్దుగాల నేను గుట్ట అవతల మొక్కలు చూడవోయిన. ఏమైందో తరువాత కోర్టు పేషీలల్ల మంది చెప్పంగ విన్నదే. "డుక్కర్, డుక్కర్" అని మరాఠీల ఒర్రిన్రట. పెద్ద మొగపంది బయటికి దుంకి ఒక కైకిలాయన తొడ చీల్చింది. మళ్ల ఆయన మీదికే తిరిగింది. అన్న చేతిల చెరుకు కొట్టే కత్తి ఉన్నది, మెడ మీద ఏసిండు. దెబ్బ తాకినాయనను ట్రాక్టర్‌ల బోధన్ దవాఖానకు తోలిన్రు. ఇక్కడి దాక కానూన్ ప్రకారం ఒక్క తప్పు లేదు. నాకొక్క మనిషిని తోలితె అయిపోయేది.

కాని అప్పటికే ఊరంత చేన్లకు దిగింది. ఆ ఊర్లె గిసొంటి కూర పడితె ఒక్కలు తినేది లేదు, పోగులు ఏస్తరు. మోదుగాకులు వరుసగ పరిచి, ఇంటికొక పోగు. అన్ని పోగులు ఒక్క తీరుగ ఉండాలె. కండ ఇంత, బొక్క ఇంత, కార్జం చిన్న ముక్కన్న ప్రతి ఆకుల పడాలె. చెయ్యి నిబద్ధిగ ఉన్న ముసలాయన ఒకడు తక్కెడ పట్టి చూస్తడు. చంపినోనికి ఎక్కువ లేదు, ఏమీ చెయ్యనోనికి తక్కువ లేదు. ఎవల ఇల్లన్న తప్పిపోతె అది పెద్ద లొల్లి, మూడు తరాలు యాది పెట్టుకుంటరు.

పగటీలి పన్నెండు దాటినంక నేను క్వార్టర్‌కొచ్చి బూట్లు ఇప్పుతున్న. అక్క వచ్చింది. చేతుల స్టీలు గిన్నె, మీద మోదుగాకు కప్పి ఉన్నది.

"తమ్మీ, ఇగో నీ పోగు."

ఆ ఊర్లె నన్ను తమ్మీ అన్న మొదటి మనిషి. నాకు ముందు ఆ మాటనే ఇనపడ్డది, గిన్నె తరువాత కనపడ్డది. ఏం కూరక్కా అంటె ఉన్నదున్నట్టు చెప్పింది. దాపరికం లేదు, భయం లేదు, మొకం మీద సంబురం.

"అక్కా, నేను జంగ్లాతోన్ని. నాకే ఇస్తున్నవా?" అన్న.

"జంగ్లాతోనివైతె? ఊర్లె పొయ్యి ఎలిగే ప్రతి ఇంటికి పోగు ఏసిన్రు. నీ ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదా? నిన్నొక్కన్ని ఇడిసిపెట్టి ఎట్ల తింటం! కిలోకు తక్కువ లేదు సూసుకో, అందరికి ఎంతనో నీకు గంతనే. నీకు అండ రాకుంటె సెప్పు, నేనే అండి పంపుత."

వండుకుంట అన్న. గిన్నె రేపిస్తె సాలు అని పోయింది.

నేను అప్పటికప్పుడు లేసి ఊర్లెకు పోవాలె. ఉన్న కూరంత జప్తు చేసి, పంచనామా రాసి, ఆఫీసుకు కబురు పంపాలె. నౌకరి అదే. నేను మాత్రం గిన్నె ముంగట పెట్టుకోని గోడకు ఒరిగి కూసున్న. ఎంతసేపో ఆకు తీసుకుంట చూసుకుంట, కప్పుకుంట ఉన్న. కార్జం ముక్క సుత ఉన్నది అండ్ల. ఆ ఊర్లె నా లెక్కన ఒక ఆకు పరిచిన్రని, తక్కెడల నా పోగు తూకిన్రని మళ్ల మళ్ల అనుకున్న. నా కండ్లు నిండినయి. అబద్ధం ఎందుకు, పొయ్యి ముట్టిచ్చిన. సగం తీసి వండుకున్న. సగం పొద్దుమూకి కోసమని గిన్నెలనే ఉంచిన. వంట నాకు సక్కగ రాదు, ఉప్పు ఎక్కువైంది. అయినా ఏలు నాకి నాకి తిన్న. తిన్నంక, వండుకున్న నా గిన్నెలు కడిగిన.

నాలుగు గంటలకు జీపు చప్పుడైంది.

దవాఖానల డాక్టరు దెబ్బ చూసి ఏం జంతువని అడిగిండట, అట్ల కబురు మా ఆఫీసుకు చేరింది. రేంజరు సాబ్ దిగంగనే మొకం ఎర్రగ చేసిండు. "నీ బీట్ల పంది పడ్డది, ఊరంత పంచుకున్నది. నీకు తెల్వదా? లేకుంటె నువ్వు సుత పాలు పంచుకున్నవా?" అన్నడు. నాయిన లేడు, నా జీతం మీద అమ్మ, చెల్లె. ఊడితె ఇంత మంచి నౌకరి మళ్ల రాదు. ఒక్క నిమిషం ఆగితె ఇంకేదన్న మాట తోచేదేమో. ఆగలే నేను. లోపలికి ఉరికి ఆ గిన్నె తెచ్చి ఆయిన ముంగట పెట్టిన.

"నాకిప్పుడే పంపిన్రు సార్. ముట్టలే. మీకు కబురు చేద్దామనే బయలెల్లుతున్న."

ఊర్లెకు పోతె ఒక్క ఇంట్ల ఒక్క బొక్క దొరకలే. అన్ని పొయ్యిలు ఎప్పుడో అయిపోయినయి, తోలు సుత ఏడనో పాతిన్రు. నా గిన్నె లేకుంటె కేసే లేదు. ఆ గిన్నె అంచుకు అక్క పేరు కొట్టి ఉన్నది. పెండ్లిల తల్లిగారు పెట్టిన గిన్నె, పేరు కొట్టిచ్చే పంపిన్రు. ఎవలిదని అడిగే పనే పడలే. పంచనామా నేనే రాసిన. "మోదుగాకు కప్పిన స్టీలు గిన్నెలో పచ్చి మాంసం, అర్ధ కిలో. గార్డుకు అందిన స్థితిలోనే ఉన్నది." అదీ నేను రాసిన అబద్ధం.

అన్నను జీపు ఎక్కిచ్చిన్రు. అక్క వాకిట్లకొచ్చి రేంజరు సాబ్ చేతిల గిన్నె చూసింది, తరువాత నన్ను చూసింది. తిడుతదనుకున్న, దుమ్మెత్తి పోస్తదనుకున్న. కొంగు నోటికడ్డం పెట్టుకోని నిలవడ్డది. అన్న పదిహేను దినాలు నిజామాబాద్ జైలుల ఉండి జమానత్ మీద వచ్చిండు. గిన్నె మీద పేరున్నందుకు అక్కను రెండో ముద్దాయిని చేసిన్రు.

ఆ నెల చర్చిల సంస్కారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తుంటె నేను లేసి ముంగటికి పోలే. అమ్మ పొడిచి పొడిచి చూసింది. జరమని చెప్పిన. ఊర్లె ఛాయ్ హోటలాయన, పాలు మసులుతుండంగనే, పాలు లేవు పో అనేటోడు. నేను ఎనకకు మర్రేటోన్ని. అక్క చేన్లనే కనపడేది, కని తలకాయ తిప్పకపోయేది. ఏడాదిలోపు నన్ను వేల్పూర్ దిక్కు మార్చిన్రు. ఆడ పసుపు, మక్క. మంది మంచోళ్లే, పిలిచి బువ్వ పెట్టేటోళ్లు. నేనే ఎవలింట్ల కూసోలే.

కేసు నాలుగేండ్లు నడిచింది. పేషీకి వాళ్లు ఊరి బస్సుల వచ్చేది, నేను ఆర్మూర్ మీదికెళ్లి వచ్చేది. బోధన్ కోర్టు వసారల ఒక కొసకు వాళ్లు, ఒక కొసకు నేను. నా సాక్ష్యం రెండో ఏడు పడ్డది, ఆ నాడు పంచనామా చదివిన్రు. "అర్ధ కిలో" అని వినంగనే, అప్పటిదాక నేల చూసుకుంట ఉన్న అక్క తలకాయెత్తి నా మొకం దిక్కు చూసింది. ఎందుకు చూసిందో నాకు అప్పుడు సమజ్ కాలే. నేను కండ్లు దించుకున్న.

తీర్పుకు ముందటి పేషీ నాడు వాళ్ల వకీలు, నాకు ఇనపడాల్నని, వసారల గట్టిగ చెప్పిండు. "చూడమ్మా, ఒక్కటే మాట. అది మేక కూర. గార్డే అడిగి తెప్పిచ్చుకున్నడు, కూర పైసలు అడిగితె కోపానికి పందని రాసిండు. ఈ మాటంటె నువ్వు ఇంటికి పోతవు, ఆయిన నౌకరి పోతది." ఆమె ఆ మాట అన్నా తప్పని నేను అనగూడదు, ఆమె జాగల నేనుంటె అదే అందును.

జడ్జి సాబ్ అడిగిండు. అక్క కొంగు నిండ కప్పుకోని నిలవడ్డది.

"మేకది కాదు దొరా. పందిదే. ఆయిన అడగలే. పొయ్యి ఎలిగే ఇల్లని నేనే ఇచ్చిన."

వకీలు నెత్తి కొట్టుకున్నడు.

తీర్పుల అన్నను ఇడిసిపెట్టిన్రు. కైకిలాయన తొడ మీద మచ్చనే సాక్ష్యం, పానం కాపాడెతందుకే కొట్టిండన్నరు. అక్క తన నోటితోని ఒప్పుకున్నది గనుక శిక్ష పడ్డది. జుర్మానా, దాంతోని కోర్టు లేచే దాక ఖైదు. అంటె జడ్జి సాబ్ పొద్దుమూకి కుర్చిల నుంచి లేసే దాక ఆ అర్రలనే కూసోవాలె. చిన్న శిక్షనే, అందరు బతికిపోయినవ్ అన్నరు. ఆమె పదకొండు గంటల నుంచి మూలకు నేల మీద మోకాళ్లు పట్టుకోని కూసున్నది. వేరే కేసులు వచ్చినయి, పోయినయి. నన్ను ఎవ్వలూ ఉండుమనలే. నేను సుత ఎనుక బెంచి మీద కూసున్న. పగటీలి ఛాయ్ తెచ్చి పక్కన పెట్టిన, ముట్టలే. మలాయి కట్టి సల్లగయ్యింది.

ఐదు గంటలకు జడ్జి సాబ్ లేసిండు. గుమస్తా జప్తు గిన్నె తెచ్చి, ఏలిముద్ర తీసుకోని ఆమెకిచ్చిండు. నాలుగేండ్ల దుమ్ము, అంచుకు సీలు ఏసిన లక్క మరక. అన్న నన్ను చూడకుండ ముంగటికి నడిచి గేటు అవతల నిలవడ్డడు. అక్క మెట్ల మీద ఆగి గిన్నెను కొంగుతోని తుడుస్తున్నది. నేను దగ్గరికి పోయిన.

ఆమెనే అన్నది, గిన్నె మీదికెళ్లి చూపు తియ్యకుండ.

"నీ పోగు కిలో ఉండె తమ్మీ. నేనే తూకిపిచ్చి తెచ్చిన. కాయితంల అర్ధ కిలో అని సదివిన్రు."

ఆ మాట వకీలుకు ఒక్కపారి చెప్తె నేను జైల్ల ఉందును. ఆమె శిక్ష తప్పుతుండె. రెండేండ్ల సంది ఆమెకు తెలుసు.

"తిన్నవన్న మాట" అన్నది. గొంతుల కోపం లేదు. "మంచిగ అండుకున్నవా మరి? ఉప్పు కారం సరిపోయినయా?"

"ఉప్పు ఎక్కువైందక్కా" అన్న. ఏడుపొచ్చింది.

"ఒక్కడు అండుకుంటె గట్లనే అయితది" అని గిన్నె సంచిల పెట్టుకోని, అన్న నిలవడ్డ గేటు దిక్కు నడిచింది. వాళ్ల బస్సు వచ్చింది, ఎక్కిన్రు. నేను వేల్పూర్ చేరి క్వార్టర్ తాళం తీసిన. ఆ దినం పొయ్యి ముట్టియ్యలే.